కిటికీకి అయిదు వేషాలు

మా బావ కట్టిన సంగీతాల్లో జనం నవ్వింది ఒక్క "కిటికీ"కే. నవ్వించడానికి కట్టింది కాదది. ముప్పై ఒక్కేళ్ళ క్రితం, కిక్కిరిసిన హాల్లో నలభై మంది వాయిస్తుండగా, మధ్యలో క్లారినెట్ ఒంటరిగా అందుకునే చోట ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వెనక వరసలకి పాకింది. పట్టుమని నిమిషం కూడా ఉండని ఆ సోలో అయ్యేసరికి హాలు హాలంతా నవ్వుతోంది. బావ రెండో వరసలో మా అక్క పక్కన కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత "కిటికీ"ని మళ్ళీ ఎవరూ వాయించలేదు.

అలాంటిది, పోయిన చలికాలంలో సంగీత కళాశాలవాళ్ళు వచ్చి ఆ హాలు కట్టి యాభై ఏళ్ళవుతోందని చెప్పారు. బావ పాత సంగీతాల్లోంచి ఏదో ఒకటి తీసుకుని, దాన్నే అయిదు రకాలుగా మార్చి ఇమ్మన్నారు. కవాతు బ్యాండుకి ఒకటి, డ్యాన్సు బ్యాండుకి ఒకటి, జోలపాటగా ఒకటి, జాజ్‌లా ఒకటి, చివరికి అసలు రూపంలో ఒకటి. బావకి డెబ్భై రెండేళ్ళు. చేతులు వణుకుతాయి, చొక్కా బొత్తాలు అక్కే పెడుతుంది. ఏదో తేలిక వరస ఒకటి చెప్పి పంపించేస్తాడనుకున్నాను. ఆయన క్షణం కూడా ఆలోచించకుండా "కిటికీ చేద్దాం" అన్నాడు. నా గుండెల్లో రాయి పడింది.

ఎందుకు పడిందో ఇక్కడే చెప్పేస్తాను, నాన్చి లాభం లేదు. ఆ రోజు క్లారినెట్‌లో దొర్లిన తప్పు నాది. తిట్లు తిన్నది మాత్రం ఇంకొకాయన.

నేను పార్టులు రాసేవాణ్ణి. సంగీతం కట్టిన మనిషి నలభై వాయిద్యాలకీ కలిపి ఒకే పుస్తకంలో రాస్తాడు. అందులోంచి ఎవరి వాయిద్యానికి కావలసింది వాళ్ళకి విడదీసి, మసక వెలుతురులో కూడా కనబడేలా రాసివ్వడం నా పని. దీన్ని సంగీతం అనరు, గుమాస్తాగిరీ అంటారు. అక్క పెళ్ళయిన రెండో ఏడు బావే నన్ను ఆ ఉద్యోగంలో పెట్టించాడు. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని అందరికీ చెప్పుకునేవాడు పాపం.

ఆ రోజు మధ్యాహ్నం, ఎప్పుడూ వాయించే క్లారినెట్ మనిషి వేలు బస్సు తలుపులో పడి నలిగిపోయింది. కచేరీకి గంట ముందు ఎక్కడో డ్యాన్సు బ్యాండు నుంచి ఒకాయన్ని పట్టుకొచ్చారు. ముప్పై దాటి ఉంటాయి, బక్కపలచటి మనిషి, ఎవరిదో కోటు వేసుకొచ్చాడు. ఆయన తెచ్చిన క్లారినెట్ వేరే రకం. వాటిలో రెండు రకాలున్నాయి. కాగితం మీద ఒకే స్వరం ఉన్నా, ఒకటి కాస్త పైన పలుకుతుంది, ఇంకొకటి కాస్త కింద. ఆయన తెచ్చింది పైన పలికేది. కాబట్టి పార్టు మొత్తం అరమెట్టు దించి మళ్ళీ రాయాలి. నాకున్నది అరగంట. ఒక్క కొట్టివేత లేకుండా, ముత్యాల్లాంటి దస్తూరీతో, మొత్తం అరమెట్టు ఎక్కించి రాశాను.

దించాల్సింది ఎక్కించేసరికి ఆయన వాయిద్యం అందరికంటే ఒక మెట్టు పైన పలికింది. ముందంతా నలభై మంది హోరులో కలిసిపోయింది. ఒంటరిగా అందుకునే చోట బయటపడింది. రిహార్సల్ లేదు, ఆ సంగీతం ఆయన అంతకుముందు విన్నదీ కాదు. కాగితం మీద ఏముందో అది వాయించుకుంటూ పోయాడు. కచేరీ అయ్యాక బావ మేనేజరుతో అన్నది ఒక్కటే మాట: "శృతి తెలీనివాణ్ణి తెచ్చి నా నెత్తిన పెట్టారు." ఆ మాట వారం తిరక్కుండా ఊళ్ళో ఉన్న వాయిద్యగాళ్ళందరి చెవినా పడింది.

నేను ఆ రాత్రే ఆ కాగితం స్టాండు మీంచి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆ క్లారినెట్టాయన పార్టులు దాచే గదికి వచ్చాడు. "నా పార్టు ఒక్కసారి చూడొచ్చాండీ? ఎక్కడ తప్పు చదివానో చూసుకుందామని" అన్నాడు. కాగితం నాలుగు మడతల్లో నా జేబులోనే ఉంది. "కనబడ్డం లేదండీ, హడావుడిలో ఎవరో పారేసినట్టున్నారు" అన్నాను. "పర్లేదండీ, మీకు శ్రమ" అని ఆయన వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం దాన్ని పొయ్యిలో వేశాను. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు, మా ఆవిడ కడుపుతో ఉంది, ఉద్యోగం బావ వేయించింది. ఇలాంటి కారణాలు ఇంకో పది చెప్పగలను. ముప్పై ఒక్కేళ్ళుగా చెప్పుకుంటున్నవే.

సరే, పని మొదలైంది. అక్కవాళ్ళ భోజనాల బల్ల మీద గుడ్డ తీసేసి కాగితాలు పరిచాం. బావ పియానో ముందు కూర్చుని కూనిరాగం తీస్తూ వణికే వేళ్ళతో చూపిస్తాడు, నేను రాస్తాను. అక్క భూగోళం టీచరుగా చేసి రిటైరైన మనిషి. పక్కనే కుర్చీ వేసుకుని, సంగీతం రాకపోయినా తీర్పులు చెబుతూ ఉంటుంది.

మొదట కవాతు. సోలోని కార్నెట్ అనే చిన్న బాకాకి ఇచ్చాం. బావ పియానో మీద వాయించి ముఖం చిట్లించాడు. "పోలీసులొస్తున్నట్టుందిరా."

"వస్తే రానివ్వండి, ఇంట్లో దొంగలెవరున్నారు?" అంది అక్క.

నేను తల వంచుకుని గీతలు గీస్తూ కూర్చున్నాను.

తర్వాత డ్యాన్సు బ్యాండు. సోలో శాక్సఫోన్ది. బావకి హుషారొచ్చింది. కూర్చున్నచోటే భుజాలు ఊపుతూ, "చూశావా, వరసలో ఏ లోపమూ లేదు. కార్నెట్‌కి ఇస్తే నిలబడింది, శాక్సఫోన్‌కి ఇస్తే నిలబడింది. ఆ రోజు ఆ మహానుభావుడు తిన్నగా వాయించి ఉంటే నా బతుకే వేరేగా ఉండేది" అన్నాడు. ఆ మాట నిజం కూడా. "కిటికీ" తర్వాత పెద్ద సంగీతం కట్టమని ఆయన్ని ఎవరూ అడగలేదు. పాఠాలు చెప్పుకుని బతికాడు. అంటే నా అరమెట్టు ఇద్దర్ని ముంచింది. అందులో ఒకరింట్లో నేను వారానికి నాలుగుసార్లు భోంచేస్తున్నాను.

జోలపాట దగ్గర అక్క పేచీ పెట్టింది. "ఇది వింటే పిల్లాడు నిద్రపోడు, లేచి కూర్చుని లెక్కలు చేస్తాడు" అంది. బావ విసుక్కున్నాడు కానీ వేగం తగ్గించాడు, తీగవాద్యాలు సగం తీసేశాడు. సోలో ఒక ఆడగొంతుకి ఇచ్చాడు, మాటలు లేకుండా ఊరికే "ఊఁ" అని. వణికే వేళ్ళతో అది వాయించుకుని, మళ్ళీ మొదటి నుంచి వాయించాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ వరస అంత బాగుంటుందని నాకూ తెలీదు. సరిగ్గా పలకగా నేను ఎప్పుడు విన్నాను గనక!

ఇలా ఒక్కో వేషానికీ ఆ నిమిషం సోలోని నేనే నా చేత్తో రాయాల్సివచ్చింది. రాసిన ప్రతిసారీ ఎక్కించానా, దించానా అని నాలుగుసార్లు సరిచూసుకునేవాణ్ణి. "ఏంట్రా, ముసలాడివైపోయావా?" అనేవాడు బావ.

నాలుగోది జాజ్. కళాశాల నుంచి ముగ్గురు విద్యార్థులొచ్చి ఆ బల్ల పక్కనే వాయించి చూశారు. వాళ్ళకి సోలో తెగ నచ్చింది. పియానో అమ్మాయి, "దీనికి జనం నవ్వడమేంటి సార్?" అంది. అంతే, బావ అందుకున్నాడు. అది ఆయన ముప్పై ఏళ్ళుగా ప్రతి క్లాసులోనూ చెప్పే కథ. అరువు కోటు, చెవిటి క్లారినెట్టు, హాలంతా నవ్వు. చివర్లో రెండు వేళ్ళతో ముక్కు మూసుకుని ఆ సోలో తప్పుగా పాడి చూపిస్తాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. అక్క కూడా నవ్వింది, వందోసారి వింటున్నా సరే. నాకు మాత్రం పార్టులగది గుమ్మంలో నిలబడి "మీకు శ్రమ" అన్న మనిషి ముఖం కళ్ళకి కట్టింది.

పిల్లలు వెళ్ళాక కాగితాలు సర్దుతూ చెప్పేశాను. "బావా, అది ఆయన తప్పు కాదు. పార్టు నేను తప్పు రాశాను."

అక్క చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "ఏమంటున్నావురా?"

బావ నన్ను చూడలేదు. "ఎక్కించావా?" అన్నాడు.

"ఎక్కించాను."

ఆయన బల్ల మీద వేళ్ళతో లెక్క చూసుకున్నాడు. "దించాల్సిన అర, ఎక్కించిన అర. ఒక మెట్టు. అవును. సరిగ్గా అంతే తేడా వినబడింది." తిడతాడని చూశాను. తిడితే బాగుండేది. చివరికి, "ఇందాక ముక్కు పట్టుకుని పాడాను కదరా ఆ పిల్లల ముందు" అన్నాడు. ఆ గొంతు వింటే నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

"ఆయనకి పెళ్ళాం పిల్లలున్నారా?" అంది అక్క.

మా ఇద్దరికీ తెలీదు. ఎప్పుడూ అడగలేదు.

"అయిదోది రాయి. అసలు రూపం" అన్నాడు బావ. "ఆయన వాయిద్యానికే రాయి. ఈసారి దించి రాయి. ఆయన ఎక్కడున్నాడో వెతికి, కాళ్ళు పట్టుకునైనా తీసుకురా. ఆ హాల్లో ఆయనే వాయించాలి. నేనే స్టేజి ఎక్కి చెబుతాను."

నాకు రెక్కలొచ్చినట్టయింది. ఎంత తెలివితక్కువవాణ్ణంటే, ఇంక అంతా చక్కబడిపోతుందని నిజంగానే అనుకున్నాను. మర్నాడు ఆయన పార్టు అదే ముత్యాల్లాంటి దస్తూరీతో రాశాను, ఈసారి దించి. తన పార్టు చూపించమని ఆయన వస్తే నేను లేదన్న సంగతి మాత్రం బావకీ అక్కకీ చెప్పలేదు. అంత సిగ్గు ఒక్కరోజులో విప్పుకోలేకపోయాను.

పాత డ్యాన్సు బ్యాండు డ్రమ్మరు ఒకాయన ఇంకా బతికే ఉన్నాడు. ఆయన్ని అడిగితే, "వాడా, పెద్దాస్పత్రి లాండ్రీలో చూడు. మాతో మాట్లాడి చాలా ఏళ్ళయింది" అన్నాడు.

లాండ్రీ ఆస్పత్రి కింది అంతస్తులో ఉంది. మెట్లు దిగుతుంటేనే వేడి ముఖానికి కొట్టింది. ఒకవైపు బట్టలు ఆరబెట్టే యంత్రాలు గుడగుడమని తిరుగుతున్నాయి, ఇంకోవైపు ఇస్త్రీ రోలర్ల మధ్యనుంచి తెల్లటి దుప్పట్లు పొగలు కక్కుతూ వస్తున్నాయి. వాటిని మడతపెట్టే బల్ల దగ్గర ఆయన ఒక్కడే ఉన్నాడు. జుట్టంతా నెరిసింది, నోరు లోపలికి పోయింది. నేను పేరు చెప్పుకోబోయాను.

"పార్టులు రాసేవారు కదూ!" అన్నాడు ఆయనే. "మీ దస్తూరీ చాలా బాగుండేదండీ. అలాంటి దస్తూరీ నేను మళ్ళీ చూళ్ళేదు." ఒక దుప్పటి లాగి రెండు కొనలు నా చేతికిచ్చాడు. "ఆగడానికి లేదు, మూడింటికల్లా వార్డులకి వెళ్ళాలి. పట్టుకోండి, పని చేసుకుంటూ మాట్లాడుకుందాం. రావలసినవాడు ఇవాళ రాలేదు."

అలా దుప్పటికి చెరోవైపూ నిలబడి, దగ్గరికొచ్చినప్పుడు కాస్త, దూరం జరిగినప్పుడు కాస్త, చెప్పేశాను. వేరే రకం క్లారినెట్, అరగంట, అరమెట్టు. ఆయన చేతులు ఆగలేదు.

"అయితే నేను సరిగ్గానే చదివానా?" అన్నాడు.

"కాగితం మీద ఉన్నది ఉన్నట్టు వాయించారు. ఒక్క స్వరం పొల్లుపోలేదు."

ఇంకో దుప్పటి మడత అయ్యింది. "పోన్లెండి. అరగంటలో రాయమంటే ఎవరైనా పొరపడతారు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. వెంటనే సంచిలోంచి కొత్త పార్టు తీసి ఇచ్చాను. ఆయన చేతులు ఆప్రానుకి తుడుచుకుని, దాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. కుడిచేతి వేళ్ళు దుప్పట్ల దొంతర మీద కదిలాయి. సన్నగా గొంతులో పాడుకున్నాడు, మొదటి నుంచి చివరిదాకా. ఆ యంత్రాల హోరులో కూడా నాకు తెలుస్తోంది, ఒక్కచోట కూడా శృతి తప్పలేదు. "బాగుందండీ. ఇది ఇంత బాగుంటుందని నాకు తెలీదు" అన్నాడు.

"మీరే వాయించాలని మా బావ పట్టుబట్టాడు. అదే హాల్లో. జరిగింది అందరి ముందూ ఆయనే చెబుతాడు."

ఆయన నవ్వాడు. ముందుపళ్ళు లేవు. "ఈ నోట్లో క్లారినెట్ నిలవదండీ. పళ్ళ సంగతి అలా ఉంచండి, వాయిద్యమే లేదు. ఆ ఏడే అమ్మేశాను."

"మావాళ్ళు పిలవకపోతే పోయారు. డ్యాన్సు బ్యాండువాళ్ళు కూడా పిలవలేదా?"

"వాళ్ళు పిలిచారు. మంచివాళ్ళు. నేనే మానేశాను." ఇంకో దుప్పటి లాగాడు. కొనలు నాకిచ్చాడు. "హాల్లో వాయిస్తుంటేనే తేడాగా ఉందని తెలుస్తోందండీ నాకు. కానీ కాగితం మీద అలాగే ఉంది. మర్నాడు అందరూ నేనే తప్పు వాయించానన్నారు. అప్పుడే కదా మీ దగ్గరికొచ్చాను. కాగితం కళ్ళారా చూసుకుంటే తేలిపోయేది. దొరకలేదన్నారు. ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకున్నా నాకు గుర్తున్న కాగితం మీద నేను వాయించిందే ఉండేది. సరే, లేనిది ఉన్నట్టు కనబడుతోంది నాకు, అలాంటివాడు స్టేజి మీద కూర్చోకూడదు అనుకున్నా. ఆ తర్వాత రెండుసార్లు డ్యాన్సు బ్యాండులో వాయించడానికి వెళ్ళాను. ప్రతి స్వరానికీ ఇది నిజంగా ఉందా, నాకే కనబడుతోందా అని ఆగిపోయేవాణ్ణి. మూడోసారి వెళ్ళలేదు."

దుప్పటి సగం మడతలో ఉంది. ఆయన మొదటిసారి చేతులు ఆపాడు.

"ఒక్కటి అడుగుతానండీ. ఆ రోజు మీ దగ్గర కాగితం నిజంగానే లేదా?"

లేదని చెప్పడం ఎంత తేలికో! ఒకసారి చెప్పి ఉన్నాను కూడా. "ఉంది. నా జేబులోనే ఉంది" అన్నాను.

ఆయన కోప్పడలేదు. ముందుకొచ్చి నా చేతిలోని కొనలు తీసుకుని, తనే మడత పూర్తిచేసి దొంతర మీద పెట్టాడు. అంచులు సరిచేశాడు. సరిగ్గానే ఉన్న అంచుల్ని మళ్ళీ సరిచేశాడు.

"నాకు సంగీతం రాదండీ, అందుకే మానేశాను. ఇన్నేళ్ళూ మా ఆవిడతో అదే చెప్పాను, పోయేదాకా. నాకూ అదే చెప్పుకున్నాను. రానివాడు మానేస్తే బాధేముంది? హాయిగా నిద్ర పట్టేది." కొత్త పార్టు తీసి, మడత పడకుండా నా చేతిలో పెట్టాడు. "ఇప్పుడు మీరొచ్చి నాకు వచ్చని చెబుతున్నారు. అరవై నాలుగేళ్ళొచ్చాయి. ఇప్పుడు తెలుసుకుని నేనేం చేసుకోవాలండీ?"

నేను నా బరువు దించుకోవడానికి వెళ్ళాను. దించుకున్నాను కూడా, తీసుకెళ్ళి ఆయన నెత్తిన. క్షమించమని అడుగుదామనే దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఇప్పుడు వాటిలో ఒక్కటే నోటికొచ్చింది, అదీ సగమే. యంత్రాల చప్పుడులో నాకే సరిగ్గా వినబడలేదు.

ఆయన దుప్పటి లాగుతూ నా వైపు తిరిగాడు. "ఏమన్నారు?"

"ఏమీ లేదండీ" అన్నాను.